ఎర్రదారం కట్టిన గ్లాసు

ఆ ఇంట్లో మంచినీళ్లు తాగే స్టీలు గ్లాసులు నాలుగు. మూడు వంటగది గూట్లో బోర్లించి ఉండేవి. నాలుగోది మాత్రం వరండాలో, కిటికీ దిమ్మ మీద విడిగా ఉండేది. దాని అంచు కింద ఎర్రదారం మూడు చుట్లు చుట్టి పీటముడి వేసి ఉండేది. ఎవరైనా వచ్చి పొరపాటున దాన్ని అందుకోబోతే అత్తగారు లోపలినుంచి "అది కాదు తల్లీ, అది వద్దు!" అంటూ పరుగున వచ్చేది.

చూసేవాళ్లకు ఇదేమంత పెద్ద విషయంగా తోచదు. ఎవరి గ్లాసు వాళ్లకు ఉండటం చాలా ఇళ్లల్లో మామూలే. కానీ ఆ మూడు చుట్ల దారం అయిదు నెలల పసిబిడ్డను ప్రమాదం అంచు దాకా తీసుకెళ్లింది.

ఆ ఇంటి కోడలు చొక్కాలు కుట్టే కర్మాగారంలో కాలర్లు కుట్టేది. అక్కడ ఎవరి పేరుతోనూ పనిలేదు, మిషను నంబరే పేరు. ఆమె పదిహేడు. కాలరు పని తేలిక కాదు. లోపల గట్టిగుడ్డ పెట్టి, రెండు మొనలూ ఒక్కలాగే వచ్చేలా తిప్పాలి. ఆరేళ్లుగా అదే పని చేస్తున్న మనిషికి ఎదుటివాళ్ల మెడ చూస్తే చాలు, కొలత కంటికే తెలిసిపోతుంది.

"మా కోడలు మనుషుల మొహాలు చూడదు, మెడలు చూస్తుంది" అని మామగారు అందరినీ నవ్వించేవాడు.

ఆయన వడ్రంగి. చేతులు వణకడం మొదలయ్యాక రంపం పక్కన పెట్టి ఇంట్లోనే ఉంటున్నాడు. ఎప్పటినుంచో దగ్గు. ఎవరైనా అడిగితే, "ఇది చెక్కపొట్టు దగ్గు. నలభై ఏళ్ల స్నేహం. నన్ను కాటికి సాగనంపిగానీ వెళ్లదు" అనేవాడు. మనవరాలి కళ్లు నల్లగా, గుండ్రంగా చొక్కా గుండీల్లా ఉన్నాయని 'గుండీ' అని ముద్దుపేరు పెట్టింది కూడా ఆయనే. రోజూ మధ్యాహ్నం అత్తగారు గుండీని ఎత్తుకుని కర్మాగారం గేటు దాకా వచ్చేది. కోడలు భోజనం వేళలో కాపలాదారు గదిలో కూర్చుని బిడ్డకు పాలిచ్చి, పరుగున మిషను దగ్గరకు వెళ్లేది.

ఆమె పక్క మిషను మీద గుండీలు కుట్టే ఒక పిన్ని ఉండేది. ఆ పిన్నికి టీబీ అని తేలి, వైద్యం కోసం సెలవు పెట్టింది. తర్వాత ఆరోగ్య కేంద్రంనుంచి నర్సమ్మ వచ్చి ఆ వరసలో కుట్టే పన్నెండు మంది ఆడవాళ్ల దగ్గరా రక్తం తీసుకుని వెళ్లింది. వారం తర్వాత కాగితాలు వచ్చాయి. రెండు పేజీలు.

అక్కడి సూపర్‌వైజరు చెడ్డవాడు కాడు. ఏ కాగితం వచ్చినా రెండో పేజీ చదివే అలవాటు లేనివాడు, అంతే. మొదటి పేజీలో నాలుగు నంబర్ల ఎదురుగా 'టీబీ ఇన్‌ఫెక్షన్: పాజిటివ్' అని ఉంది. ఆయన దాన్ని తీసుకెళ్లి నోటీసు బోర్డుకు అంటించాడు. మిషన్లు ఆపించి, అందరికీ వినపడేలా చెప్పాడు.

"ఏడు, పన్నెండు, పదిహేడు, ఇరవై ఒకటి. మీ నలుగురికీ టీబీ ఉందంట. లేచి ఇంటికెళ్లండమ్మా. తగ్గాక రండి."

పదిహేడో నంబరు లేచి నిలబడింది. "సారూ, నాకు దగ్గు లేదు, జ్వరం లేదు. నిన్న కూడా అందరికంటే ఎక్కువ కాలర్లు నావే."

"నేననట్లేదు తల్లీ, కాగితం అంటోంది. పాజిటివ్ అని అచ్చేసి ఉంది. చదువుకున్నదానివేగా, చూసుకో."

ఆమె చూసుకుంది. నిజంగానే ఉంది. వెనక్కి తిరిగేసరికి రెండు వైపులా ఉన్న స్టూళ్లు దూరం జరిగి ఉన్నాయి. నిన్నటిదాకా ఆమె డబ్బాలో చెయ్యిపెట్టి తిన్న ఆడవాళ్లే కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు.

ఆమె కంటే ముందు ఆ మాట గేటు దగ్గరకు చేరింది. అది సరిగ్గా మధ్యాహ్నం పాల వేళ. అత్తగారు గుండీతో నిలబడి ఉంది. తల్లిని చూడగానే బిడ్డ రెండు చేతులూ చాచి కిలకిలలాడింది.

"అక్కడే ఆగు" అంది అత్తగారు.

"అత్తయ్యా, పాలు..."

"ఆగమన్నానా! ఇంకొక్క అడుగు వేశావంటే ఊరుకోను."

అత్తగారు గుండె లేని మనిషి కాదు. చిన్నప్పుడు ఆమె అక్క దగ్గి దగ్గి, ఎముకల గూడైపోయి, ఆమె కళ్లముందే పోయింది. ఆ ఇల్లంతా వ్యాపించిన దగ్గు ఆమె చెవుల్లో ఇంకా ఉంది. అందుకే బిడ్డను గట్టిగా పొదువుకుని వెనక్కి వెనక్కి నడిచింది. బిడ్డ ఏడుపు వీధి చివరి దాకా వినిపించింది. తల్లి రవిక తడిసిపోయింది.

ఆ సాయంత్రమే కోడలి చాప వరండాలోకి వచ్చింది. కంచం, గ్లాసు, దుప్పటి విడిగా. గ్లాసు కలిసిపోకుండా గుర్తు కోసం దారం కావాల్సి వచ్చింది. అత్తగారు కోడలి కుట్టు డబ్బాలోనే వెతికి ఎర్రదారం తీసింది.

మర్నాడు భర్త తనకూ తల్లిదండ్రులకూ అదే రక్తపరీక్ష చేయించాడు. అతను సరుకుల వ్యాను నడుపుతాడు. ప్రతి వీధికీ తెలిసిన మనిషి కావడంతో, నలుగురూ ఏమనుకుంటారో అన్న బెంగ అతనికి ఎక్కువ. ముగ్గురి కాగితాల్లోనూ నెగటివ్ అని వచ్చింది. అత్తగారు వాటిని గోడ మేకుకు గుచ్చి కళ్లకద్దుకుంది.

"చూశారా?" అన్నాడు మామగారు. "నా దగ్గుకు సర్టిఫికెట్ ఇచ్చారు. ఇక నేను కచేరీ పెట్టినా ఎవరూ నోరెత్తడానికి లేదు."

అందరూ నవ్వారు. వరండాలో ఉన్న ఆమె కూడా కాస్త నవ్వింది. ఆ నవ్వులోనే ఒక నిర్ణయం జరిగిపోయింది. అత్తగారికి వంటపని, కొడుకు పొద్దున్నే వ్యాను మీద వెళ్లిపోతాడు. కాబట్టి గుండీ తాతయ్య దగ్గరే ఉండాలి. తలుపులు దగ్గరగా వేసిన ముందు గదిలో బిడ్డ రోజంతా ఆయన గుండెల మీదే పడుకునేది.

పాఠకులారా, ఒక్క క్షణం ఆగి ఆ ఇంటిని చూడండి. ఎవరి కాగితం శుభ్రంగా ఉందో వాళ్ల చేతిలో బిడ్డ. కాగితం మీద మచ్చ ఉన్న తల్లి బయట. చదువుకున్న ఇళ్లల్లోనూ ఇంతకంటే గొప్పగా ఏమీ జరగదు.

బిడ్డ సీసా పాలు పట్టలేదు. రెండు గుక్కలు తాగి ఉమ్మేసేది, చెంచాతో పట్టింది మాత్రం కొంత దిగేది. వరండా పక్కనున్న స్నానాలగదిలో తల్లి రొమ్ములు సలిపి సలిపి జ్వరం వచ్చేలా ఉంటే, పాలు పిండి మోరీలో పోసేది. పిండకపోతే ఎండిపోతాయని ఆమె భయం. ఎప్పుడో ఒకప్పుడు బిడ్డను ఇస్తారన్న ఆశ ఒక్కటే ఆమె చేత ఆ పని చేయించింది. లోపలినుంచి గుండీ ఏడుపు వినిపించినప్పుడల్లా పాలు వాటంతట అవే కారేవి.

మిగతా సమయమంతా ఆమె కిటికీ దగ్గర కూర్చుని లోపలికి చూసేది. చూడటం తప్ప ఆమెకు మిగిలిన పని లేదు. అలా చూస్తూ ఉండగా ఆరో రోజున ఒక విషయం ఆమె కంట్లో పడింది.

మామగారు తొడుక్కున్న నీలం చొక్కా తనే కుట్టింది. బిడ్డ పుట్టినప్పుడు కుట్టిన చొక్కా. పై గుండీ పెడితే మెడకూ కాలరుకూ మధ్య ఒక్క వేలు పట్టేలా కొలత తీసింది. ఇప్పుడూ ఆ పై గుండీ పెట్టుకునే ఉన్నాడు. మధ్యలో నాలుగు వేళ్లు పట్టేంత ఖాళీ. కాలరు సాగదు. లోపల గట్టిగుడ్డ ఉంటుంది. తగ్గింది మెడే.

ఆ తర్వాత ఆమె దగ్గును కూడా గమనించడం మొదలుపెట్టింది. చెక్కపొట్టు దగ్గు పొద్దున లేవగానే వచ్చి పోయేది. ఇది సాయంత్రాలు పెరుగుతోంది. దగ్గాక ఆయన చేతిరుమాలు చూసుకుని, గబుక్కున మడిచి జేబులో పెట్టుకుంటున్నాడు. ఆయన గుండెల మీద గుండీ. ఆయన మూతికీ బిడ్డ మొహానికీ మధ్య జానెడు దూరం కూడా లేదు.

భర్త ఇంటికి రాగానే వరండా మెట్ల దగ్గరే ఆపింది.

"ఏమండీ, మామయ్య బాగా చిక్కిపోయారు. ఆ దగ్గు నాకు బాగా అనిపించట్లేదు. ఒకసారి డాక్టరుకు చూపించండి. అప్పటిదాకా గుండీని ఆయన దగ్గర..."

"నీకు వచ్చిందని ఇంట్లో అందరికీ అంటగడతావా?" అతని గొంతు లేచింది. "నాన్న కాగితం చూడలేదా? నెగటివ్. ఇంకేం కావాలి నీకు?"

"నేను కాగితం గురించి అనట్లేదు. కాలరు..."

"కాలరేంటే! మతి పోయిందా?"

 కాలరు సంగతి కాలర్లు కుట్టని మనిషికి ఎలా చెప్పాలో ఆమెకు తెలియలేదు.

తొమ్మిదో రోజు పొద్దున గుండీ ఏడవలేదు. ఏడిచే ఓపిక లేనట్టు నీరసంగా తాత మీద వాలి ఉంది. ఉన్నట్టుండి చిన్నగా దగ్గింది. ఒక్కసారే. పిట్ట తుమ్మినంత చప్పుడు. కిటికీ అవతల తల్లి లేచి నిలబడింది. చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి నడిచింది.

"ఎక్కడికే?" అని అత్తగారు వెనకనుంచి కేకేసింది. ఆమె తిరిగి చూడలేదు.

ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ పొడుగాటి రిజిస్టరు ముందు కూర్చుని ఉంది. నడివయసు మనిషి, కళ్లద్దాలకు తాడు. పదిహేడో నంబరు అనగానే కుర్చీలోంచి సగం లేచింది.

"నలుగురికి నలుగురూ రాకపోతే ఏమయ్యారా అనుకుంటున్నా. రేపు నేనే బయల్దేరదామనుకున్నా. రెండో పేజీలో రాశానుగా, మూడు రోజుల్లోపల రమ్మని?"

"రెండో పేజీ మాకెవరూ చూపించలేదు నర్సమ్మా."

నర్సమ్మ రిజిస్టరు పక్కకు నెట్టి లేచింది. ఆమెను పక్క గదిలోకి తీసుకెళ్లి ఛాతీ ఎక్స్‌రే తీయించింది. డాక్టరు చూసి, వీపు మీద గొట్టం పెట్టి విని, "ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. ఈమెకు టీబీ జబ్బు లేదు" అన్నాడు.

"మరి పాజిటివ్ అని..."

"కూర్చో" అంది నర్సమ్మ. "కాలర్లు కుడతావుగా? నీ డబ్బాలో సూది ఉందనుకో, మూత బిగించి ఉంది. అది ఎవరికైనా గుచ్చుకుంటుందా?"

"గుచ్చుకోదు."

"ఇన్‌ఫెక్షన్ అంటే అదే. టీబీ క్రిమి ఎప్పుడో నీ ఒంట్లోకి వచ్చింది. నీ శరీరం దాన్ని పట్టి లోపల పెట్టి మూత వేసింది. నీకు దగ్గు లేదు, నీనుంచి ఎవరికీ రాదు. ముద్దు పెట్టుకున్నా రాదు, పాలిచ్చినా రాదు. మూత ఎప్పటికీ ఊడకుండా కొన్నాళ్లు మాత్రలు ఇస్తాం. జబ్బు అంటే వేరు. మూత ఊడి, క్రిమి పెరిగి, ఊపిరితిత్తులను తింటూ, దగ్గినప్పుడల్లా గాలిలోకి రావడం. ఆ రెండింటికీ ఒకే పేరు పెట్టేసి మనుషులను ఇళ్లలోంచి తోసేస్తున్నారు."

ఆమె కళ్లనిండా నీళ్లు తిరిగాయి. కానీ వచ్చిన పని అది కాదు.

"నర్సమ్మా, ఒకవేళ పరీక్షలో నెగటివ్ అని వస్తే జబ్బు లేనట్టేనా?"

"ఎవరికి వచ్చింది?"

ఆమె చెప్పింది. సాయంత్రం దగ్గు, మడిచి దాచుకునే చేతిరుమాలు, నాలుగు వేళ్ల కాలరు. వింటున్న నర్సమ్మ చేతిలో కలం ఆగిపోయింది.

"ఆ రక్తపరీక్ష జబ్బును చూపించదమ్మా. శరీరం క్రిమిని గుర్తుపట్టిందా అన్నదే చూస్తుంది. వయసు మీద పడి, బాగా చిక్కిపోయినవాళ్ల ఒంటికి ఆ గుర్తుపట్టే ఓపిక కూడా ఉండదు. లోపల జబ్బు ఉన్నా కాగితం మీద నెగటివ్ అనే రావచ్చు." ఆమె లేచి నిలబడింది. "మీ పాప ఇప్పుడు ఎక్కడుంది?"

"ఆయన గుండెల మీద."

నర్సమ్మ అప్పటికే స్కూటరు తాళాలు అందుకుంది.

వాళ్లు చేరేసరికి భర్త వ్యాను గుమ్మం ముందు ఉంది. కోడలు వీధిలోకి వెళ్లిపోయిందని తల్లి ఫోను చేస్తే వచ్చాడు. అత్తగారు తలుపుకు అడ్డంగా నిలబడింది.

"ఏం చెప్పి తీసుకొచ్చింది మిమ్మల్ని? మా ఇంట్లో జబ్బున్నది తనొక్కతికే. ఇవిగో, మా కాగితాలు చూడండి."

"కాగితాలు దగ్గవు పెద్దమ్మా. దగ్గే మనిషిని చూడనివ్వండి."

"ఆయనది చెక్కపొట్టు..."

"ఎన్నాళ్లుగా పెరిగింది? రెండు వారాలు దాటిందా?"

అత్తగారు వేళ్లు మడిచి లెక్కపెడుతూ ఉండగానే లోపలినుంచి మామగారు లేచి వచ్చాడు. చేతుల్లో గుండీ. ఆయన ఎవరినీ చూడలేదు. తిన్నగా వచ్చి, గుమ్మంలో నిలబడిన కోడలి చేతుల్లో బిడ్డను పెట్టాడు. తర్వాత నాలుగడుగులు వెనక్కి వేసి, జేబులోంచి చేతిరుమాలు తీసి నర్సమ్మకు చూపించాడు. మడతలో ఎర్రటి చారలు ఎండిపోయి ఉన్నాయి.

"ఎప్పటినుంచి?" అంది నర్సమ్మ మెల్లగా.

"నాలుగు రోజులు."

"నాన్నా!" అని కొడుకు అరిచాడు. "రక్తం పడితే చెప్పవా? పాపను దగ్గర పెట్టుకుని..."

 ఎప్పుడూ ఏదో ఒక హాస్యం దొరికే ముసలాయన నోటికి ఆ రోజు ఏమీ దొరకలేదు. వరండా వైపు, కిటికీ దిమ్మ వైపు చూశాడు.

"చెబుదామనే అనుకున్నానురా. ఆ గ్లాసు చూశాను. దగ్గు లేని పిల్లకే అంత దారం చుట్టారే, రక్తం పడే నాకు ఏం చుడతారా అని భయమేసింది. కాగితంలో ఏం లేదన్నారుగా, ఏం లేదేమోలే అని నాకు నేనే చెప్పుకున్నాను."

 అంతలో గుండీ పాలు తాగుతున్న చప్పుడు వినిపించింది. తల్లి అక్కడే గుమ్మం పక్కన గోడకు ఆనుకుని కూర్చుని బిడ్డను కొంగులో దాచుకుంది. తొమ్మిది రోజుల ఆకలి ఊపిరి తిప్పుకోకుండా తాగుతోంది.

తర్వాతి రెండు రోజులు అందరూ ఆసుపత్రిలోనే గడిపారు. కఫం పరీక్షలో మామగారికి టీబీ జబ్బు ఉందని తేలింది. అత్తగారి ఎక్స్‌రే, కొడుకు ఎక్స్‌రే బాగానే ఉన్నాయి. గుండీ పరీక్షలన్నీ అయ్యేదాకా తల్లి ఆసుపత్రి బల్ల మీదనుంచి లేవలేదు. భర్త పక్కనే నిలబడ్డాడు. "నేను కోప్పడింది నీమీద కాదు. భయపడ్డాను" అన్నాడు ఒకసారి. "తెలుసు. నేనూ భయపడ్డాను. కానీ నేను చూస్తూ కూర్చున్నాను, మీరు చూడనన్నారు" అందామె. అతను ఆ బల్ల మీదే ఆమె పక్కన కూర్చున్నాడు. చివరికి డాక్టరు బయటకు వచ్చి, పాపకు జబ్బు రాలేదనీ, ముందుజాగ్రత్తగా కొన్నాళ్లు మందు వేయాలనీ చెప్పాడు. అత్తగారు అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది.

ఆ వారంలోనే నర్సమ్మ కర్మాగారానికి వెళ్లింది. సూపర్‌వైజరు ఫైలులోంచి రెండో పేజీ బయటకు తీయించి, ఆయన చేతే, మిషన్లు ఆపించి, అందరికీ వినపడేలా చదివించింది. 'వీరికి ఇన్‌ఫెక్షన్ మాత్రమే ఉంది. జబ్బు ఉన్నదీ లేనిదీ ఎక్స్‌రేతో తేలుతుంది. వీరిని పనిలోంచి తీసివేయరాదు.' చదువుతుంటే ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మర్నాడు నలుగురూ పనిలోకి వచ్చారు. పదిహేడో మిషను పక్క స్టూళ్లు మెల్లగా, సిగ్గుపడుతూ, మళ్లీ దగ్గరకు జరిగాయి.

ఇంటి దగ్గర మామగారి మందులు మొదలయ్యాయి. డాక్టరు చాలనేదాకా మాస్కు పెట్టుకోవాలి, గాలి ఆడే చోట పడుకోవాలి, కొన్నాళ్లు బిడ్డను ఎత్తుకోకూడదు. మందు ఒక్క రోజు కూడా మానకూడదు. చాప ఆయనే వరండాలో వేసుకున్నాడు.

అత్తగారు ఆ పూట కిటికీ దిమ్మ మీదున్న గ్లాసు తీసింది. గోటితో పీటముడి విప్పింది. విప్పిన దారాన్ని కాసేపు చేతిలో పట్టుకుని నిలబడింది. తర్వాత కళ్లు తుడుచుకుని, వంటగది గూట్లోంచి భర్త గ్లాసు తీసి, దాని అంచు కింద అదే దారంతో మొదటి చుట్టు చుట్టబోయింది.

కోడలు వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"వద్దత్తయ్యా. క్రిమి గ్లాసులో ఉండదు, దగ్గిన గాలిలో ఉంటుంది. మామయ్య మూతికి మాస్కు కట్టారు, మందు వేస్తున్నారు. అది చాలు. గ్లాసుకు దారం కడితే జబ్బు పోదు. ఇంకోసారి రక్తం పడితే ఆయన మనకు చెప్పకుండా దాచేస్తారు."

అత్తగారు దారాన్ని ఆమె చేతిలో పెట్టింది. నాలుగు గ్లాసులూ గూట్లో పక్కపక్కనే బోర్లించింది.

వరండాలోంచి మామగారి గొంతు వచ్చింది. మాస్కు చాటున ఉన్నా అందులో పాత చమత్కారం మళ్లీ తలెత్తింది. "అమ్మాయ్, ఈ చొక్కా మెడ చూడు, ఇంకో మనిషికి చోటుంది. కాస్త బిగించు. కానీ గట్టిగా కుట్టకు, మళ్లీ విప్పుకునేలా టాకాలు వెయ్యి. నేను మళ్లీ లావెక్కుతాను."

ఆమె నవ్వి, ఆ ఎర్రదారాన్నే సూదికి ఎక్కించి, నీలం కాలరుకు లోపలి వైపు టాకాలు వేయడం మొదలుపెట్టింది.

ఇన్‌ఫెక్షన్ ఉన్న మనిషిని ఇంట్లోంచి తోసేయకూడదు, జబ్బు ఉన్న మనిషి భయపడి దాచుకునేలా చేయకూడదు. ఇన్‌ఫెక్షన్‌కూ జబ్బుకూ తేడా తెలుసుకోవడానికి గొప్ప చదువు అక్కర్లేదు, రెండో పేజీ చదివే ఓపిక చాలు.